కొండనుండి కుండీకి

మెట్టపొలముల గట్లమీద తిరిగినవారికి ఒక దృశ్యము సుపరిచితము. బండల నడుమ మోకాలెత్తు మించని రేగుచెట్టు ఒకటి నిలిచియుండును. ఏటేటా మేకలు దాని చిగురు కొరికివేయును. వంటచెరకు కొరకు ఎవరో ఒకరు కొమ్మ నరికికొని పోవుదురు. వేసవి ఎండలకు మిగిలినదానిలో సగము మోడువారును. అయినను తొలకరి చినుకు పడగనే అది మరల ఆకు తొడుగును. నిలుచుండి చూచినవారికి అది ఉత్త పొద. మొదలు దగ్గర కూర్చుండి, చుట్టునున్న గడ్డిని తొలగించి చూచినచో, ముంజేతి లావు కాండము, పగుళ్లు వారిన బెరడు, బండను గ్రద్దగోళ్లవలె పట్టుకొన్న వేళ్లు కనిపించును. ఆ చెట్టు వయస్సు ఆ పొలము దున్నుచున్న రైతు వయస్సుకంటె ఎక్కువయైనను ఆశ్చర్యము లేదు.

ఇటువంటి చెట్టును చూచి, దీనిని నా ముంగిట నిలుపుకొందునుగదా అని తలచినవారు జపాను దేశమున అనేక శతాబ్దుల క్రిందటనే కలరు. వారు దానిని లోతులేని కుండీలోనికి మార్చి, పెరుగనిచ్చియు పెరుగనీయక, మహావృక్షముయొక్క ఠీవిని మూరెడు ఎత్తులో నిలిపిరి. దానిని వారు 'బోన్సాయ్' అందురు. 'బోన్' అనగా పళ్లెము, 'సాయ్' అనగా నాటుట. మన దేశమున ఈ చెట్లకు వామనవృక్షములని పేరు వచ్చినది. విత్తునాటియు, కొమ్మనాటియు, అంటుగట్టియు వీనిని పెంచవచ్చును. కాని ఆ విద్యలో ఆరితేరినవారు మిక్కిలి గౌరవించునది కొండలలో తనంతట తాను పెరిగి, అక్కడినుండి తేబడిన చెట్టునే. దానికి 'యమదోరి' అని పేరు. జపాను భాషలో 'యమ' అనగా కొండ. మన యమధర్మరాజుతో ఆ మాటకు సంబంధము లేదు. అయినను ఈ కథలో ఆయన పాత్ర కొంత కలదని మున్ముందు శ్రోతలకే తెలియగలదు.

కొండనుండి చెట్టును పెకలించి తెచ్చుట ఒకనాటి పని. దానిని బ్రతికించుట కొన్ని తరముల పని. ఈ రెండు పనులలో దేనికి మనుష్యుడు ఎక్కువ విలువ కట్టినాడను ప్రశ్నకు సమాధానమే యమదోరి చరిత్ర.

ఈ కళకు పుట్టినిల్లు చీనా దేశము. తాంగ్ వంశపు రాజకుమారుడు జాంగ్‌హ్వాయ్ సమాధి 706వ సంవత్సరము నాటిది. ఇరువదవ శతాబ్దిలో దానిని త్రవ్వి చూచినపుడు గోడలమీద చిత్రములు బయటపడినవి. వానిలో ఒక పరిచారిక చిన్న రాళ్లును, చిన్న మొక్కలును అమర్చిన పళ్లెమును రెండు చేతులతో పట్టుకొని నడచుచుండును. పళ్లెములో ప్రకృతిని నిలుపు ఆచారము ఆనాటికే రాజగృహములలో ఉండెననుటకు ఇది సాక్ష్యము. అక్కడినుండి బౌద్ధ భిక్షువుల ద్వారమునను, రాయబారుల ద్వారమునను ఆ అలవాటు సముద్రము దాటి జపానుకు చేరినది. 1309లో చిత్రింపబడిన కాసుగా దేవాలయపు చిత్రపటములలో, ఒక ఇంటి ముందు పళ్లెములలో పెంచిన చిన్న చెట్లు స్పష్టముగ కనిపించును.

ఈ చెట్లను జపానువారు ఎంతగా ప్రేమించిరో తెలుపుటకు ఒక నాటకకథ చాలును. వారి ప్రాచీన 'నో' రూపకములలో 'హాచి నో కి' అనునది ఒకటి. 'కుండీ చెట్లు' అని దాని అర్థము. దాయాదులు ఆస్తి అపహరింపగా దరిద్రుడైన త్సునెయో అను యోధుడు పాడుపడిన గుడిసెలో కాలము గడుపుచుండును. మంచు కురియు ఒక రాత్రి బాటసారియైన భిక్షువు ఒకడు ఆశ్రయము కోరి వచ్చును. అతిథికి చలి కాచుకొనుటకు ఇంట పుల్లయైనను లేదు. మంచిరోజులలో పెంచిన కుండీచెట్లలో మూడు మాత్రము మిగిలియుండెను: ఒకటి ప్లమ్, ఒకటి చెర్రీ, ఒకటి పైన్. యోధుడు ఆ మూడింటిని నరికి నిప్పు రాజవేయును. ఆ భిక్షువు మారువేషమున దేశము తిరుగుచున్న మాజీ రాజప్రతినిధి హోజో టోకియోరి అని తరువాత తెలియును. ఆయన యోధునికి పోయిన భూమిని తిరిగి ఇప్పించి, కాల్చిన మూడు చెట్ల పేర్లు గల మూడు గ్రామములను బహూకరించును. చరిత్రలో టోకియోరి పదమూడవ శతాబ్దికి చెందినవాడు. నాటకములోని కథ జరిగినదా లేదా అను విచారము మనకు అక్కరలేదు. మనుష్యుడు చేయగల త్యాగములలో మిక్కిలి పెద్దదానిని చూపదలచిన కవి, బంగారమును కాదు, గుఱ్ఱమును కాదు, కుండీలోని చెట్టును ఎన్నుకొనెను. ఇది గమనింపదగిన విషయము.

పదునేడవ శతాబ్దినాటికి ఈ అభిరుచి ఏలికల అంతఃపురములలో స్థిరపడినది. 1623 నుండి 1651 వరకు పాలించిన మూడవ టోకుగావా షోగన్, ఇయెమిత్సు, కుండీచెట్లయందు మిక్కిలి మక్కువ గలవాడు. ఆయన పెంచినదని ప్రసిద్ధిగాంచిన పైన్ చెట్టు ఒకటి టోక్యో రాజప్రాసాదమున ఈనాటికిని పచ్చగ నున్నది. షోగన్ల ప్రభుత్వము 1868లో కూలిపోయినది. రాజధాని పేరు మారినది. యుద్ధములు వచ్చినవి, పోయినవి. ఆ చెట్టుకు నీరు పోయు చేతులు మారినవి గాని నీరు పోయుట మానలేదు. ఇంచుమించు నాలుగు శతాబ్దులలో ఒక్క వేసవిలో కొన్నిరోజులు ఎవరైనను మరచిపోయినచో ఈనాడు మనము దానిని గూర్చి చెప్పుకొనుటకు అవకాశము లేకపోయెడిది.

యమదోరి చరిత్రలో ఉద్వేగభరితమైన అధ్యాయము పందొమ్మిదవ శతాబ్ది చివర ఆరంభమగును. అంతవరకు కుండీలలో ప్రధానస్థానము పైన్ చెట్టుదే. అపుడు షికోకు ద్వీపమున, 1982 మీటర్ల ఎత్తుగల ఇషిజుచి పర్వతపు కొమ్ములమీద పెరుగు షింపాకు అను ఒక జాతి జూనిపర్ చెట్లు ఈ కళాభిమానుల కంటబడినవి. తరువాత ఇరువదవ శతాబ్ది ఆరంభమున, జపాను సముద్రతీరమున నీగాతా మండలములోని ఇతోయిగావా దగ్గర మ్యోజో కొండయొక్క సున్నపురాతి చరియలమీద అంతకంటె అందమైన షింపాకులు దొరకినవి. టోక్యోలోని వర్తకులు వీనికి పెద్ద వెలలు ఈయసాగిరి.

ఆ చెట్లలోని విశేషమేమన, వానిని ఏ మనుష్యుడును మలచలేదు. చరియ పగులులో పిడికెడు మన్ను మాత్రమే ఉండుటచేత వేరు పెరుగదు. వేరు పెరుగనిదే కొమ్మ పెరుగదు. శీతకాలమున బారలెత్తు మంచు మీదబడి కొమ్మలను క్రిందికి వంచును. వేసవిలో గాలి, ఎండ, రాలిపడు రాళ్లు ఒక ప్రక్క బెరడును ఒలిచివేయును. చచ్చిన భాగము కుళ్లిపోక, ఎండకు ఎముకవలె తెల్లబడి నిలిచిపోవును. ప్రాణమున్న భాగము సన్నని పట్టెవలె ఆ తెల్లని మోడును చుట్టుకొని పైకి ప్రాకి, కొనయందు గుప్పెడు పచ్చదనమును నిలుపుకొనును. జపాను తోటమాలులు ఎండిన కొమ్మను 'జిన్' అనియు, ఎండిన కాండభాగమును 'షారి' అనియు అందురు. చావును బ్రతుకును ఒకే కాండముమీద ఇంత స్పష్టముగ చూపునది మరియొకటి లేదని వారి అభిప్రాయము. కొండ కొన్నివందల యేండ్లు శ్రమించి చేసిన శిల్పమది.

అట్టి శిల్పము కొరకు మనుష్యులు ప్రాణములకు తెగించిరి. నడుమునకు త్రాడు కట్టుకొని, పైనున్న చెట్టుకో రాతికో దాని రెండవకొస ముడివేసి, నిటారు చరియమీదుగ దిగి, ఒక చేత ఉలియు, వేరొక చేత చిన్న రంపమును పట్టి వేళ్లను రాతినుండి విడదీయువారు. త్రాడు తెగియు, కాలు జారియు తిరిగిరానివారును కలరు. యమధర్మరాజు పాత్రను గూర్చి నేను మొదట చెప్పినది ఇందుకే. అయితే ఆ చరియలమీద చచ్చినది మనుష్యులు మాత్రమే కాదు. దించిన చెట్లలో బ్రతికినవి కొన్ని. కుండీకి చేరకమునుపే, చేరిన తరువాతను ఎండిపోయినవి అనేకము. మూడువందల యేండ్లు గాలికిని మంచుకును చావని చెట్టు, మనుష్యుని తొందరకు మూడు నెలలలో చచ్చినది.

కొన్ని దశాబ్దులలో ఆ చరియలు ఇంచుమించు ఖాళీ అయ్యెను. ఉత్తరమున కునాషిరి ద్వీపపు చిత్తడినేలలలో పెరుగు ఎజో స్ప్రూస్ చెట్ల కొరకు వేరొక వేట సాగినది. 1945లో ఆ ద్వీపము సోవియట్ సేనల వశమగుటతో జపానువారికి ఆ దారియు మూతపడినది. తమ కొండలు బోసిపోయిన తరువాతనే వారు వేరొక మార్గము పట్టిరి. ఇతోయిగావా షింపాకు కొమ్మలను నాటి పిలకలను పెంచిరి. సాధారణమైన జూనిపర్ మొదళ్లకు ఆ జాతి కొమ్మలను అంటుగట్టిరి. ఈనాడు ప్రదర్శనలలో కనిపించు షింపాకులలో పెక్కు ఆ విధముగ వచ్చినవే. తోటలో నలుబది యేండ్లు ఓపిక పట్టగలిగినచో కొండను దోచుకొననక్కరలేదను పాఠమును కొండ తరిగిపోయిన తరువాతగాని నేర్చుకొనలేదు.

అయితే జపాను సంప్రదాయములో దోపిడి మాత్రమే కలదనుకొనుట న్యాయము కాదు. చెట్టును చంపక తెచ్చు విద్యయు అక్కడనే పండినది. దానికి 'నెమవాషి' అని పేరు. 'వేరు చుట్టు తిరుగుట' అని ఆ మాటకు అర్థము. తీయదలచిన చెట్టు చుట్టు ఒక ఏడాది ముందుగనే గాడి త్రవ్వి, దూరముగ పోయిన లావు వేళ్లను కొన్నింటిని కోసి, మంచి మన్నుతో గాడి పూడ్చి వదలివేయుదురు. కోసినచోట మొదలుకు దగ్గరగ పీచువేళ్లు పుట్టును. నేలనుండి నీటిని పీల్చునవి ఆ పీచువేళ్లే గాని లావు వేళ్లు కావు. మరుసటి యేడు చెట్టును లేపునపుడు దానికి తెలియకుండనే దాని సంసారమంతయు ఒక బుట్టలో ఇమిడియుండును. ఈ తోటపని మాటను జపానువారు కచేరీలలోను వాడుదురు. సభలో ఒక ప్రతిపాదన పెట్టుటకు ముందు, సంబంధించిన వారినందరను విడివిడిగ కలిసి, చెప్పి, ఒప్పించి ఉంచుటకు నెమవాషి అనియే పేరు. చెట్టు విషయమున నేర్చిన మర్యాదను వారు మనుష్యుల విషయమునకు తెచ్చుకొనిరన్నమాట.

1923 సెప్టెంబరు 1వ తేదీన టోక్యో ప్రాంతమును మహాభూకంపము కుదిపివేసినది. పిదప లేచిన మంటలలో నగరము చాలభాగము కాలిపోయినది. అక్కడి బోన్సాయ్ తోటమాలులు కొందరు, మిగిలిన చెట్లతో, మంచినీరును గాలియు దొరకు చోటు వెదకుకొనుచు ఉత్తరముగ కదలి ఓమియా అను ఊరి దగ్గర 1925లో ఒక పల్లె కట్టుకొనిరి. అక్కడ ఇల్లు కట్టుకొనువారికి 1928 నాటి కట్టుబాట్లు నాలుగు: కనీసము పది కుండీచెట్లు ఉండవలెను, తోట ద్వారము అందరికిని తెరచియుంచవలెను, మేడ కట్టరాదు, ప్రహరీగోడకు మారుగ పచ్చని కంచెయే పెంచవలెను. ఆస్తులు కాలిపోయినవారు క్రొత్త ఊరికి వ్రాసికొన్న మొదటి శాసనము ఇట్టిది. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆ పల్లెయు కష్టములపాలైనది. నీరు పోయువారిని యుద్ధమునకు పిలుచుకొని పోగా చెట్లు ఎండినవి. మిగిలిన కొద్దిమంది పొరుగువారి చెట్లను గూడ కాపాడుకొనుచు వచ్చిరి. 2010లో అక్కడ బోన్సాయ్ కళకు ప్రత్యేకమైన పురపాలక ప్రదర్శనశాల వెలసినది.

ఇక చెట్టును బ్రతికించు చేతులను గూర్చి చెప్పునపుడు హిరోషిమాను విస్మరింపరాదు. ఆ నగరమున మసారు యమకి అను తోటమాలి కుటుంబమువద్ద తెల్ల పైన్ చెట్టు ఒకటి ఉండెను. అది సమీపమున గల మియాజిమా ద్వీపమునుండి వచ్చినదనియు, 1625 నుండి కుండీలో పెరుగుచున్నదనియు చెప్పుదురు. 1945 ఆగస్టు 6వ తేదీ ఉదయము 8 గంటల 15 నిమిషములకు అణుబాంబు ప్రేలినపుడు ఆ ఇల్లు ప్రేలుడుచోటికి సుమారు 3 కిలోమీటర్ల దూరమున నున్నది. కిటికీ అద్దములు పగిలి ఇంటివారికి గాయములైనవి. తోటచుట్టునున్న ఎత్తైన గోడ చాటున చెట్టు బ్రతికినది.

1976లో అమెరికా స్వాతంత్ర్యమునకు ఇన్నూరు సంవత్సరములు నిండిన సందర్భమున జపాను 53 బోన్సాయ్ చెట్లను కానుకగ పంపినది. తన ఊరిమీద బాంబు వేసిన దేశమునకే యమకి ఆ చెట్టును ఇచ్చెను. అది ఎచ్చటినుండి వచ్చినదో, ఏమి చూచినదో అందరకును చాటుకొనలేదు. వాషింగ్టన్ నగరపు జాతీయ వృక్షోద్యానమున ఆ చెట్టుకు పాతికేండ్లు నీరు పోసినవారికి దాని కథ తెలియదు. 2001లో యమకి మనుమలు ఇద్దరు తాతగారి చెట్టును చూడవచ్చి చెప్పినపుడే లోకమునకు తెలిసినది. కథ తెలియని రోజులలో కూడ అక్కడివారు దానికి వేళతప్పక నీరు పోసిరి. అందువలననే కథ చెప్పుటకు వచ్చినవారికి చెట్టు కనబడినది. నాకు ఈ చరిత్ర అంతటిలో మిక్కిలి విలువైన ఘట్టము ఇదియే అని తోచును.

అమెరికాలో స్థిరపడిన జపాను సంతతివారు ఈ విద్యను అక్కడి నేలకు అలవాటు చేసిరి. కొలరాడోలో పుట్టి కాలిఫోర్నియాలో నివసించిన జాన్ నాకా (1914–2004) వారిలో ప్రముఖుడు. ఆయనయు ఆయన శిష్యులును జపాను చెట్లకే అంటిపెట్టుకొనక, మోహావి ఎడారిలో ఎండకు మెలితిరిగిన కాలిఫోర్నియా జూనిపర్లను కుండీలకెక్కించిరి. ఎవరి నేలలో ఏది పెరుగునో అదియే ఆ నేలకు తగిన వామనవృక్షమను సత్యము అపుడు స్థిరపడినది. దానితోపాటు ఒక మర్యాదయు స్థిరపడుచు వచ్చినది: ప్రభుత్వపు అడవిలో చెట్టు తీయుటకు అనుమతిపత్రము పొందవలెను, పరుల భూమిలోనైనచో యజమానిని అడుగవలెను, అన్నిటికంటె ఉత్తమము తన స్వంత నేలలోని చెట్టును ఎన్నుకొనుట.

స్వంత నేల అనుటలో చట్టముకంటె పెద్ద కారణము ఒకటి కలదు. పరుల కొండమీద చెట్టును చూచినవాడు ఆ పూటనే తీసికొని పోవలెనని తొందరపడును. తన గట్టుమీది చెట్టైనచో ఈ యేడు గాడి త్రవ్వి, పైయేడు దానిని లేపవచ్చును. ఏ ఋతువున ఆకు రాల్చునో, ఎపుడు చిగురించునో, నీరు ఎటునుండి పారునో చూచుకొనవచ్చును. చెట్టును ఎరిగి తీసినవాడే దానిని బ్రతికించును.

ఈ మాట నేను పుస్తకము చూచి చెప్పుట లేదు. ఇరువది యైదేండ్ల వయస్సున, ఒక చిత్రములో జపాను చెట్టును చూచిన ఉత్సాహములో, మా పొలము గట్టుననున్న రేగుచెట్టునొకదానిని గడ్డపారతో పెకలించితిని. అది వైశాఖమాసము. తల్లివేరు సగమునకు తెగినది. ఉన్న మన్నంతయు దులిపి, వేళ్లు కడిగి, అదేరోజున లోతులేని మట్టిపళ్లెములో నాటి, అందము కొరకు కొమ్మలు కత్తిరించి, తీగ చుట్టితిని. పదిరోజులు ఆకు పచ్చగనే ఉండెను. నా ప్రజ్ఞకు నేనే మురిసిపోతిని. నలుబది రోజులకు గీరి చూడగా బెరడు క్రింద గోధుమరంగు తప్ప మరేమియు లేదు. మా పొలము చూచు వృద్ధుడు దానిని చేతబట్టుకొని, "మేకలు యాభై ఏళ్లు తిన్నా బతికింది బాబూ, తమరు నలభై రోజులు ముద్దు చేస్తే చచ్చింది" అనెను. ఆయన ఎగతాళి చేయలేదు. అందుకే ఆ మాట ఈనాటికిని గుచ్చుకొనుచున్నది.

ఆ చెట్టుకు నేను చేసిన ద్రోహము ఏమియో తరువాత తెలిసికొంటిని. ఆకు నీటిని ఖర్చు చేయును, వేరు సంపాదించును. సంపాదించు చేతులను నరికి, ఖర్చు పెరుగు మండువేసవిలో నిలిపినపుడు చెట్టు తన కాండములో దాచుకొన్న నిల్వతో కొన్నిరోజులు నెట్టుకొని వచ్చును. మనము దానినే బ్రతుకు అని భ్రమపడుదుము. అందుచేత పెద్దలు చెప్పు క్రమము వేరు. ముందు గాడి త్రవ్వి పీచువేళ్లు పుట్టనీయవలెను. శీతలదేశములలో చిగురు పగులుటకు ముందు చెట్టును లేపుదురు. మన ప్రాంతమున మర్రి, రావి, జువ్వి వంటివానికి తొలకరి తరువాత గాలిలో తేమయున్న రోజులు అనుకూలము. వేళ్లచుట్టు మన్నును వీలైనంత ఉంచి, తడిపిన గోనెపట్టాలో చుట్టి తేవలెను. మొదట నాటవలసినది అందమైన పళ్లెములో కాదు. అడుగున బెజ్జములుగల కొయ్యపెట్టెలోనో, వెడల్పైన తొట్టిలోనో, నీరు నిలువని గరుకైన ఇసుకమన్నులో నాటవలెను. గాలికి కదలినచో క్రొత్త వేళ్లు తెగును. కావున మొదలును త్రాటితో తొట్టికి బిగించి కట్టవలెను. తీవ్రమైన ఎండ తగులని వెలుతురులో ఉంచవలెను. ఆ తరువాత ఏడాది, అవసరమైనచో రెండేండ్లు, కత్తెరయు తీగయు ముట్టరాదు. చేతులు కట్టుకొని కూర్చుండుటయే ఈ విద్యలో మొదటి పాఠము, మిక్కిలి కష్టమైన పాఠము.

మన నేలలో ఇందుకు తగిన చెట్లకు కొదువ లేదు. గట్లమీది రేగు, వాక, బలుసు, చింత. పాడుబావుల ఒరలలో మర్రి, జువ్వి. ఇంటి పిట్టగోడ పగులులో పక్షి వేసిన రావి. మనవారు రావిమొక్కను పీకుటకు జంకుదురు. పీకనిచో గోడ చీలును. దానిని వేరు తెగకుండ జాగ్రత్తగ విడదీసి తొట్టిలో నిలిపినయెడల గోడయు నిలుచును, మనస్సుకు ఊరటయు కలుగును. అడవిజోలికి మాత్రము పోరాదు. ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టము 1967 నాటిది. చెట్లను పట్టాభూములలో సైతము కాపాడ నుద్దేశించిన నీరు, భూమి, వృక్షముల చట్టము 2002 నాటిది. ఇషిజుచి, ఇతోయిగావా చరియలకు పట్టిన గతి మన నల్లమలకును, పాపికొండలకును పట్టకుండుటకు ఈ జాగ్రత్త అవసరము. పొరుగువాని గట్టు కూడ మన గట్టు కాదని వేరుగ చెప్పనక్కరలేదు.

గట్టు మనదే యైనను, గడ్డపార ఎత్తుటకు ముందు ఒక ప్రశ్న వేసికొనవలెను. ఆ చెట్టు అక్కడనే ఉన్నచో మన సహాయము లేకయే మరి యాభై యేండ్లు బ్రతుకగలదు. కుండీలోనికి వచ్చిన నాటినుండి మాత్రము అది పూర్తిగ మన చేతిమీద ఆధారపడును. రోహిణికార్తెలో రెండుపూటల నీరు కావలెను. ఇంటిల్లిపాదియు పెండ్లికి పోయి మూడురోజులు గడపి వచ్చినచో, తిరిగి వచ్చునప్పటికి కుండీ మిగులును గాని చెట్టు మిగులదు. ఎవరి చేతికి తాళపుచెవులు ఇచ్చి పోవుదుమో వారికి నీటిచెంబును గూడ అప్పగింపవలెను. మన తరువాత దానిని ఎవరు చూతురనునది అంతకంటె పెద్ద ప్రశ్న. షోగన్ చెట్టును కాపాడిన తోటమాలులలో పెక్కుమంది పేర్లు మనకు తెలియవు. కాని ఒక్కొక్కరును తమ వంతు కాలము నీరు పోసి, తరువాతివానిని పిలిచి, చెంబు చేతికిచ్చి తప్పుకొనిరి.

మా గట్టుననే ఇపుడు వేరొక రేగుచెట్టు నున్నది. రెండేండ్ల క్రిందట దానిచుట్టు గాడి త్రవ్వి పూడ్చితిని. క్రిందటి వానకాలమున లేపవచ్చును గాని లేపలేదు. మా అబ్బాయి సెలవులలో వచ్చినపుడు వానిని వెంటబెట్టుకొని పోయి చూపితిని. "దీనిని ఇంటికి తెచ్చినచో నేను లేనినాడు నీరు పోయుదువా?" అని అడిగితిని. వాడు వెంటనే సరే అనలేదు. ఆలోచించి చెప్పెదను అనెను. ఆ జవాబు నాకు నచ్చినది. వాడు ఆలోచించు లోపల చెట్టు గట్టుమీదనే ఉన్నది. మేకలు దాని చిగురు కొరుకుచునే ఉన్నవి. అది పెరుగుచునే ఉన్నది.